బొప్పాయి కాడతో భూమికి బోరు

మా బడి టైంటేబుల్ హెడ్మాస్టరు గారి గదిలో, ఆయన కుర్చీ వెనక గోడకి వేలాడుతూ ఉండేది. అన్ని పీరియడ్లూ నీలం ఇంకుతో రాసి ఉండేవి. శనివారం చివరి పీరియడ్ ఒక్కటే పెన్సిల్‌తో రాశారు, 'సైన్సు ప్రాక్టికల్' అని. పెన్సిల్‌తో ఎందుకు రాశారండీ అని అడిగితే, "పెన్నులో ఇంకు అయిపోయిందమ్మా" అన్నారు. అప్పుడు ఆయన జేబులో రెండు పెన్నులున్నాయి.

ఆయన లెక్కల మనిషి. ఎక్కడ ఖాళీ గంట కనిపించినా అందులో పదో తరగతికి లెక్కలు చెప్పెయ్యాలని ఆయన చేతులు దురద పెట్టేవి. నేను ఆ బడిలో సైన్సు టీచర్ని. వారానికి ఒక్క గంటైనా పిల్లలు పుస్తకం మూసేసి చేతులతో ఏదో ఒకటి చెయ్యాలని నా పట్టు. ఏడాది పొడుగునా పోరితే నాకు దక్కింది ఆ పెన్సిల్ రాత. ఎప్పుడు చెరిపేస్తారో అని, ఆయన గదిలోకి వెళ్ళినప్పుడల్లా ముందు బల్ల మీద రబ్బరు ఉందా లేదా అని చూసుకునేదాన్ని.

ఇదంతా తొంభైల చివర్లో, చోడవరంలో. ఎనిమిదో తరగతికి భూమి లోపలి పొరల పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద పెద్ద గుండ్రం గీసి, రంగు చాక్‌పీసులన్నీ ఖర్చు చేసి, భూపటలం, భూప్రావారం, కేంద్రమండలం అని పేర్లు రాశాను. బొమ్మ బాగా కుదిరిందని నాలో నేను మురిసిపోతుంటే రెండో బెంచీలో ఒక గుంట చెయ్యెత్తింది. కె.కోటపాడు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. ఆ పిల్ల చెయ్యెత్తిందంటే నాకు కాస్త భయమే.

"టీచర్, లోనికి ఎవలెల్లి సూసేరు?"

"ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళలేరు. అక్కడంతా విపరీతమైన వేడి."

"మరెల్లకుండా ఇన్ని రంగులెలాగ తెలిసేయి? మా పొలంలో బోరేసినప్పుడు ముందు ఎర్రమట్టొచ్చింది. తరవాత తెల్లగా పిండినాగ వొచ్చింది. అది పైకొచ్చేక కదా మాకు తెలిసింది!"

క్లాసంతా నవ్వింది. భూకంపాలు వచ్చినప్పుడు పుట్టే తరంగాలని బట్టి తెలుసుకున్నారని చెప్పాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. "పై క్లాసుల్లో చెబుతారు, కూర్చో" అన్నాను. నాకు మాత్రం ఏ పై క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఆ వేళ ఇంటికి వెళ్ళి, ఆ కోపమంతా బట్టల మీద చూపించి, ఉతికినవే మళ్ళీ ఉతికాను.

మా తమ్ముడు అప్పటికి విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరి, అక్కడే కాపురం పెట్టాడు. పట్నంవాడైపోయాక వాడికి రెండు జబ్బులు పట్టుకున్నాయి. ఒకటి ఎండలేకపోయినా నల్లకళ్ళద్దాలు, రెండోది ఇంటర్నెట్. ఏం అడిగినా "ఇంటర్నెట్‌లో ఉంటాదక్కా" అనేవాడు. వాడి కూతురికి దగ్గు మందు అడిగినా అదే మాట. సరే చూపించరా అని ఒక ఆదివారం బస్సెక్కాను.

విశాఖలో ద్వారకానగర్‌లో ఒక మేడ మీద ఇరుకు గది, అదే ఇంటర్నెట్ సెంటరు. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి గూళ్ళు కట్టారు. గుడికి వెళ్ళినట్టు చెప్పులు బయట విడవమన్నారు. లోపల ఏసీ చలికి నేను చీర కొంగు నిండా కప్పుకుని కూర్చున్నాను. టెలిఫోన్ తీగలోంచి ఏదో కీచుమని, గురకపెట్టి, దగ్గి, చివరికి ఊరుకుంది. "కలిసింది" అన్నాడు మా తమ్ముడు, పెళ్ళి సంబంధం కుదిరినంత సంబరంగా.

ముందు శనిగ్రహం చూపిస్తానన్నాడు. ఆ బొమ్మ పై నుంచి కిందికి సన్నటి గీతలు గీతలుగా దిగడం మొదలుపెట్టింది. మేము తెచ్చుకున్న చేగోడీలు అయిపోయేసరికి శనిగ్రహానికి నెత్తి వచ్చింది. వలయం మొదలవుతుందనగా కరెంటు పోయింది. "ఏలిననాటి శని అంటే ఇదేరా" అన్నాను. పక్క గూట్లోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

కరెంటు వచ్చాక నా ప్రశ్న నేను అడిగించాను. చాలా తిరిగిన తరవాత ఒక పేజీ దొరికింది. ఎక్కడో పరాయి దేశంలో ఒక పంతులమ్మ, తన క్లాసులో చెప్పిన పాఠాలన్నీ ఊరికే ఎవరైనా వాడుకోవచ్చని అందులో పెట్టింది. భూమి, రాళ్ళు, చంద్రుడు, గ్రహాలు, అన్నిటికీ ఆవిడ దగ్గర ఏదో ఒక ఆట ఉంది. మా పిల్ల అడిగిన ప్రశ్నకి కూడా ఉంది. రంగు రంగుల పొరలతో చిన్న కేకులు చెయ్యాలట. పై పొర ఒక్కటే కనబడాలి. పిల్లలు కూల్‌డ్రింకు గొట్టాలతో అక్కడక్కడ పొడిచి, గొట్టంలోకి వచ్చిన పొరలు చూసి, కేకు లోపల ఎలా ఉంటుందో బొమ్మ గీయాలి. ఆఖర్న కేకు కోసి సరిచూసుకోవాలి. భూమిని తెలుసుకునేవాళ్ళు చేసే పని ఇలాంటిదేనని రాసింది ఆవిడ. పేజీ చివర, మీ క్లాసులో ఎలా జరిగిందో నాకు తప్పక రాయండి అని కూడా ఉంది.

నాకు ఎంత సంతోషమేసిందంటే, మా తమ్ముడి నల్లకళ్ళద్దాలు కూడా ఆ క్షణంలో వాడికి నప్పినట్టే కనబడ్డాయి. ఆ పేజీ ప్రింటు తీయించి, మడత పడకుండా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

సోమవారం దాన్ని హెడ్మాస్టరు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చదివారు.

"ఏటమ్మా ఇది? సైన్సు క్లాసా, వంటల క్లాసా?"

"సైన్సేనండీ. కేకు అంటే భూమి అనుకోవాలి."

"మా లెక్కల్లో కూడా ఎక్స్ అంటే ఏదో అనుకుంటామమ్మా. కానీ దాన్ని తినెయ్యం." కాసేపు పెన్సిల్ రాత వైపు చూసి అసలు మాట చెప్పారు. "వచ్చే నెల ఇన్‌స్పెక్షనుంది. ఆఫీసరు గారి ముందు ఈ పాఠమే చెప్పు. ఆయన బాగుందంటే ఆ పీరియడ్ పెన్నుతో రాసేస్తాను. బాగునేదన్నారనుకో, ఆ గంట నాకిచ్చియ్యాల. మాట తప్పకూడదు మరి."

సరేనన్నాను. అనేసి, ఇంటికి వెళ్ళే దారిలో అసలు చిక్కు గుర్తొచ్చింది. మా ఇంట్లో కేకు చేసే పొయ్యి లేదు, కేకు చెయ్యడం వచ్చినవాళ్ళు మా వీధిలోనే లేరు.

మొదట మాడుగుల హల్వాతో ప్రయత్నం చేశాను. మెత్తగా ఉంటుంది, పొడిస్తే దిగుతుంది కదా అనుకున్నాను. దిగింది. కానీ గొట్టం పైకి లాగేసరికి కన్నం నేతిలో మళ్ళీ పూడుకుపోయింది. గొట్టంలోకి వచ్చింది వచ్చినట్టే అంటుకుపోయింది. మా ఆయన పక్కన కూర్చుని, "ఇంకో చోట పొడిచి సూడు, ఇంకో చోట పొడిచి సూడు" అంటూ పొడిచిన ముక్కనల్లా నోట్లో వేసుకున్నారు. భూమి మొత్తం అయిపోయాక ప్రయోగం కుదరలేదని ఆయనే తీర్పు చెప్పారు.

ఇడ్లీ పిండి సంగతి మా అత్తగారు చెప్పింది. చెప్పిందంటే నా కోసం కాదు, నా అవస్థ చూడలేక తిట్టింది.

"ఏటే, మెత్తగుండాల, కోస్తే విడకూడదు, అంతే కదేటి? దానికి పట్నమెల్లి పెట్లోంచి కాయితం తేవాలా? గిన్నెలో పిండేసి ఆవిరి పెట్టు. ఓ పొర ఉడికేక ఇంకో పొర ఎయ్యి."

అలాగే చేశాం. అడుగున బీట్‌రూట్ రసం కలిపిన ఎర్ర పిండి, దాని మీద పసుపు కలిపింది, దాని మీద కొంచెం బెల్లం పొడి కలిపింది, అన్నిటి పైన తెల్లపిండి. బస్టాండ్ దగ్గర కొన్న గొట్టాలు వంగిపోయాయి కానీ, పెరట్లో బొప్పాయి ఆకు కాడ పనికి వచ్చింది. మా పిల్లలందరూ దానితో సబ్బునీళ్ళ బుడగలు ఊదినవాళ్ళే. కాడని శుభ్రంగా కడిగి, ఇడ్లీలో నిలువునా దింపి, తీసి, బ్లేడుతో పొడుగునా చీల్చితే లోపల తెలుపు, గోధుమ, పసుపు, ఎరుపు వరసగా నిలబడ్డాయి. నేను వంటింట్లో చప్పట్లు కొట్టాను. "దీనికి సప్పట్లేటి?" అంది అత్తగారు. కానీ ఆవిడా చూపు తిప్పుకోలేదు.

ఆ వరస చూసే పెద్ద చార్టు గీశాను. ఇడ్లీని మధ్యకి కోస్తే ఎలా కనబడుతుందో అలా, నాలుగు రంగుల తిన్నని పట్టీలు. ఆఖర్న దాన్ని విప్పి చూపిస్తే పిల్లలు తమ బొమ్మలు సరిచూసుకుంటారని నా ఆలోచన. కేకు కోసి చూడమని ప్రింటులో ఉన్నా, ఆఫీసరు గారి ముందు చేతులకి పిండి అంటించుకోవడం ఎందుకని, చార్టే మర్యాదగా ఉంటుందనుకున్నాను.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్న నేను పాఠం వల్లెవేసుకుంటూ వంటింట్లో తిరుగుతుంటే అత్తగారు గరిటె చూపించి తరిమింది. "నువ్వెల్లి తానం సేసి మంచి సీర కట్టుకో. నాను సేత్తాను. ఒకసారి సూసేను కదా." గిన్నెలు నాలుగూ మూతలు పెట్టి, గుడ్డ కట్టి, రిక్షా ఎక్కించింది. నేను మూత తీసి చూశాను. పైన తెల్లగా, నున్నగా ఉన్నాయి.

ఆఫీసరు గారు పొట్టి మనిషి, మాట తక్కువ. వెనక బెంచీలో కూర్చున్నారు. పక్కన హెడ్మాస్టరు గారు తన స్టీలు స్కేలు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఎక్కడికి వెళ్ళినా అది ఆయన చేతిలో ఉండాల్సిందే. పిల్లల్ని నాలుగు జట్లు చేసి, జట్టుకో గిన్నె ఇచ్చాను. ఇది మన భూమి, లోపలికి వెళ్ళలేం, ఈ కాడే మన బోరు అన్నాను. కె.కోటపాడు బస్సు పిల్ల మొహం వెలిగిపోయింది. అందరికంటే ముందు ఆ జట్టే కాడ దింపింది.

గది నిండా ఇడ్లీ వాసన. ఒక జట్టులో ఇద్దరు "మా బోరు నుంచి వచ్చింది ఉప్పగా ఉందా, తియ్యగా ఉందా" అని నాలిక పెట్టబోతే కళ్ళురిమాను. పిల్లలు కాడలు చీల్చి చూసి, గుసగుసలాడుకుని, బొమ్మలు గీశారు. ఆఫీసరు గారు లేచి వచ్చి జట్టు జట్టుకీ తొంగి చూశారు. నాకు అంతా గాల్లో తేలుతున్నట్టే ఉంది. ఆ హుషారులో చార్టు విప్పి నల్లబల్లకి తగిలించాను.

"ఇదీ లోపల ఉన్నది. ఇప్పుడు మీ బొమ్మలు సరిచూసుకోండి."

వెంటనే మూడు జట్ల నుంచి రబ్బరు అరిగే చప్పుడు మొదలైంది. బరబరా చెరిపేసి, తలలెత్తి నా చార్టు చూసి, నాలుగు తిన్నని పట్టీలు దించేసుకుంటున్నారు. వాళ్ళు చెరుపుతున్నదేమిటో నేను చూడనే లేదు.

నాలుగోది, ఆ బస్సు పిల్ల జట్టు, మాత్రం రబ్బరు ముట్టుకోలేదు. ఆఫీసరు గారు వాళ్ళ దగ్గర ఆగారు. ఆ పిల్ల గీసిన బొమ్మలో బెల్లం పొర ఒక పక్క అసలు లేదు. ఇంకో పక్క పసుపుని చీల్చుకుని కిందికి కారినట్టుంది. అన్నిటికీ అడుగున, ఎరుపు కింద, లావుగా గోధుమరంగు.

"టీచరు గారి చార్టులో అలా లేదే?" అన్నారాయన.

పిల్ల లేచి నిలబడింది. "నేదండీ. కానీ మా కాడలో ఇలాగే వొచ్చిందండీ. నాలుగు సోట్ల పొడిసేం."

హెడ్మాస్టరు గారు నా పక్కకి వచ్చి చెవిలో, "సార్ట్ సూసి దిద్దుకోమని సెప్పమ్మా. ఆయన ఎల్లిపోతారు" అన్నారు. ఆయన కంగారులో ఉన్నప్పుడే ఆయన నోట మా ఊరి మాట అంత చక్కగా పలికేది. ఆ నిమిషంలో ఆయనకి నిజంగా లెక్కల గంట గుర్తులేదు, బడి పరువే గుర్తుంది.

దిద్దుకో అంటే అయిపోయేది. పీరియడ్ నాకు మిగిలేది. నా ఎదుట శనివారం చివరి గంట ఒక పక్కన, ఆ పిల్ల నాలుగు బోర్లు ఒక పక్కన ఉన్నాయి. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. కానీ లోపలికి ఎవరు వెళ్ళి చూశారని అడిగిన పిల్లకి, చూసిందాన్ని చెరిపెయ్యమని ఏ నోటితో చెప్పను?

"కోసి చూద్దామండీ" అన్నాను.

కత్తి లేదు. అందరం అటూ ఇటూ వెతికాం. ఆఫీసరు గారు హెడ్మాస్టరు గారి చేతిలోని స్టీలు స్కేలు వైపు చెయ్యి చాపారు. అయిష్టంగా ఇచ్చారాయన, బిడ్డని అప్పగించినట్టు. దాన్ని కడిగించి, ఆ పిల్ల జట్టు గిన్నె బోర్లించి, ఇడ్లీని మళ్ళీ తెలుపు పైకి తిప్పి మధ్యకి కోశాను. రెండు చెక్కలూ విడిపోయాయి. బెల్లం కరిగి, పసుపుని చీల్చుకుని, పక్కనుంచి జారి, అడుగున మడుగు కట్టింది. అచ్చం ఆ పిల్ల గీసినట్టే.

మిగతా మూడూ కోశాం. ఒక్కటీ నా చార్టులా లేదు. నాలుగూ నాలుగు రకాలు. ఆఫీసరు గారు ఆ మూడు జట్ల కాగితాలు వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. చెరిపేసిన గీతలు ఇంకా లీలగా కనబడుతున్నాయి.

"ఒరే బాబూ, మీరు చెరిపేసిందే రైటు" అన్నారు. ఆ పిల్లలు నాలుకలు కరుచుకున్నారు. తరవాత ఆయన నా వైపు తిరిగి, "భూమి కూడా మన చార్టు చూసుకుని పొరలు వేసుకోదు కదమ్మా. మంచి పాఠం" అని బెల్లం ఊరిన ఇడ్లీ ముక్క ఒకటి విరిచి నోట్లో వేసుకున్నారు. ఇక పిల్లల్ని ఆపడం నా తరం కాలేదు. నాలుగు భూగోళాలూ చూస్తుండగానే మాయమయ్యాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అత్తగారిని నిలదీశాను. "బెల్లం ఎంత వేశావు?"

"ఎంతేటి? సేతికొచ్చినంత ఏసేను. పొడేటి, పిండిలో కలపడమేటి? కొత్త బెల్లం దిమ్మ గోకి పొరంతా అదే పరిసేను. అంతమంది పిల్లలు తింటారు కదా. సిటికెడు బెల్లమేసి పంపితే మన పరువేటవ్వాల? సోడవరంలో బెల్లానికి కరువొచ్చిందనుకోరా?"

ఆవిడని కౌగిలించుకున్నాను. ఆవిడ బెదిరిపోయి, నాకు జ్వరమేమోనని నుదురు ముట్టుకు చూసింది.

జరిగినదంతా ఆ పరాయి దేశపు పంతులమ్మకి రాశాను. రాసింది నేను, టైపు కొట్టింది మా తమ్ముడు. వాడు బొప్పాయి కాడకి ఇంగ్లీషులో ఏమంటారో తెలియక అరగంట తల గోక్కున్నాడు. ఇంటర్నెట్‌లో ఉంటుందిగా చూడరా అన్నాను.

తరవాత వేసవి సెలవుల్లో మళ్ళీ ద్వారకానగర్ వెళ్ళి ఆ పేజీ ప్రింటు తీయించాను. చివర్లో కొత్తగా కొన్ని వరసలు చేరాయి. కేకు లేకపోతే ఆవిరి మీద ఉడికించిన ఇడ్లీ పిండి వాడుకోవచ్చు, గొట్టం లేకపోతే బొప్పాయి ఆకు కాడ బాగా పనికొస్తుంది అని. వాటి కింద లావు అక్షరాలతో టీచర్లకి ఒక హెచ్చరిక: జవాబు బొమ్మ ముందే గీసి పెట్టుకోకండి. ఇండియాలో చోడవరమనే ఊళ్ళో ఒక విద్యార్థిని, చార్టులో లేకపోయినా తన కాడలో వచ్చిందే గీసింది, ఆమెదే సరైనది.

బడి తెరిచాక ఆ కాగితం హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆఫీసరు గారు మెచ్చుకున్నా, ఇచ్చిన మాటని ఆయన అప్పటికింకా పెన్సిల్‌లోనే ఉంచారు. ఆయన చదివి, "జవాబు ముందు చూడొద్దంటే మా లెక్కలు ఆగిపోతాయమ్మా. పుస్తకం వెనక పేజీయే కదా మాకు ఆధారం" అన్నారు. అంటూనే లేచి, కుర్చీ వెనక్కి తిరిగి, ఆ స్టీలు స్కేలు ఆనించి, పెన్సిల్ రాత మీద పెన్నుతో దిద్దారు. ఇంకు అయిపోలేదు.

క్లాసుకి వెళ్ళి కాగితం ఆ పిల్ల చేతికిచ్చాను. ఇంగ్లీషు వరసలు కూడబలుక్కుంటూ చదివింది. చోడవరం అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది.

"టీచర్, ఇది నానేనా?"

"నువ్వే" అన్నాను.

కాగితం మడిచి, సంచిలో పెట్టుకుని, వెళ్ళి తన బెంచీలో కూర్చుంది. హమ్మయ్య అనుకుని చాక్‌పీసు తీశాను. వెనక్కి తిరిగేలోగానే చెయ్యి లేచింది.

"టీచర్, మరి సెందమామకి బోరెవలేసేరు?"

శనివారం చివరి పీరియడ్ దాకా ఆగమన్నాను.